సూరత్ పాంజరాపోల్: ముసలి పశువుల పొట్ట కథ

పాంజరాపోల్ అంటే ముసలివి, కుంటివి, రోగాలొచ్చిన జంతువులను చచ్చేదాకా సాకే శాల. గుజరాత్ జైన, వైష్ణవ వర్తకుల ఆనవాయితీ ఇది. సూరత్‌లోని శాల గురించి 1689లో వచ్చిన ఆంగ్ల మతగురువు జాన్ ఓవింగ్టన్ రాశాడు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి జేమ్స్ ఫోర్బ్స్ 1772 నాటి సంగతులు చెబుతూ, ఎత్తైన గోడల మధ్య గుర్రాలు, కంచరగాడిదలు, ఎద్దులు, మేకలు, కోతులు, పావురాలు ఉన్నాయనీ, ఒక ముసలి తాబేలు 75 ఏళ్లుగా అక్కడే ఉందనీ లెక్క ఇచ్చాడు. నల్లులకూ ఒక గది ఉండేదట. కూలిచ్చి బిచ్చగాళ్లను రాత్రంతా అందులో పడుకోబెట్టేవారు, కుట్టినా విదిలించకూడదు! విదేశీయులకు ఈ గది మీద ఉన్న మోజు ముసలి ఎద్దుల మీద లేకపోవడం మన దురదృష్టం.

నెమరువేసే పశువుకు పెద్దపొట్టే వంటిల్లు. మేతను అరిగించేది అందులోని సూక్ష్మజీవులే. వయసు మీరి పళ్లు అరిగిన ఆవు ఎండుగడ్డిని సరిగా నమలలేదు, ముక్కలుగా కోసి పెట్టాలి. ఉత్తరాయణ పండుగనాడు గుజరాతీలు పుణ్యానికని ఆవులకు పచ్చగడ్డి, ఉడికించిన గింజల ఘూఘరీ పెడతారు. అలవాటు లేని పొట్టలో గింజలు ఎక్కువైతే ఆమ్లం పెరిగి సూక్ష్మజీవులు చస్తాయి, పశువు మేత మానేస్తుంది. అలాంటప్పుడు ఆరోగ్యంగా ఉన్న ఆవు పెద్దపొట్టలోని రసం తీసి జబ్బు ఆవుకు తాగిస్తారు. నెమరు ముద్దనే లాగి పెట్టే నాటు పద్ధతి 18వ శతాబ్దపు స్వీడన్‌లోనే ఉంది. మేలుచేసే సూక్ష్మజీవులకు ప్రోబయోటిక్ అన్న మాట పుట్టకముందే వాటి పని జరిగిందన్నమాట.

పులిసిన పాలలోని బ్యాక్టీరియా ముసలితనాన్ని వెనక్కి నెడుతుందని 20వ శతాబ్దం తొలి ఏళ్లలో శాస్త్రవేత్త ఇల్యా మెచ్నికాఫ్ వాదించాడు. పెరుగన్నం తినేవాళ్లకు అదేం వింత కాదు. మధ్యలో కథ అడ్డం తిరిగింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలను నడిపిన అమెరికా మందుల సంస్థ లెడర్లేలో 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ వెలువడింది. ఆ మందు తయారీలో మిగిలిన పిప్పి తిన్న కోడిపిల్లలు త్వరగా పెరుగుతున్నాయని అక్కడే మరికొందరు గమనించారు. అప్పటి నుంచి దాణాలో యాంటీబయోటిక్ మామూలైపోయింది. పెద్దకోళ్ల పేగుల్లోని బ్యాక్టీరియాను పిల్లలకు పెడితే సాల్మొనెల్లా నిలవదని 1973లో ఫిన్లండ్‌లో తేలింది. మరుసటి ఏడు పార్కర్ అనే పరిశోధకుడు దాణాలో కలిపే మేలుచేసే జీవులకు ప్రోబయోటిక్ అన్న పేరు వాడాడు. ఐరోపా సంఘం 2006లో పెరుగుదల కోసం దాణాలో యాంటీబయోటిక్ కలపడాన్ని నిషేధించాక ప్రోబయోటిక్‌లకు గిరాకీ పెరిగింది.

ముసలితనాన్ని వెనక్కి నెడుతుందనే మరో దారి లంఖణం. 1935లో కార్నెల్‌లో మెకే అనే శాస్త్రవేత్త తిండి తగ్గించిన ఎలుకలు ఎక్కువకాలం బతికాయి. 1946లో షికాగోలో కార్ల్‌సన్, హోల్జెల్ అనే పరిశోధకులు ఎలుకలను మూడురోజులకోసారి పస్తు పెట్టారు. మగ ఎలుకల ఆయుష్షు సుమారు 20 శాతం, ఆడవాటిది 15 శాతం పెరిగింది. అయితే ఎలుక లెక్క ఆవుకు పనికిరాదు. ఆవు పస్తుంటే పెద్దపొట్టలోని జీవులూ పస్తే. పస్తు పిల్లికీ చేటే: లావుపాటి పిల్లి కొద్దిరోజులు తినకపోయినా కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. పర్యూషణ్‌లో (జైనుల పండుగ) తాము ఉపవాసాలుండే జైనులు కూడా పాంజరాపోల్ తొట్లలో మేత మాత్రం ఏ పూటా ఆపరు.