ముంచింగిపుట్టు కొండలలో పల్లెబడి

శతవార్షిక సంచికలలో దేవాలయముల చరిత్రయు, దైవసేవకుల చరిత్రయు వ్రాయుట మన ఆచారము. అది ఉచితమే. అయితే గుడి గంటతోపాటు ఈ కొండలలో మ్రోగిన మరియొక గంట కలదు. అది బడి గంట. చిన్నబిడ్డలను చేరదీసిన ప్రభువును ఎరిగిన మనము ఆ గంటను మరచిపోరాదు. కనుక ముంచింగిపుట్టు ప్రాంతపు ప్రాథమిక పాఠశాలను గూర్చి నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

కోరాపుట్, జోలాపుట్, ముంచింగిపుట్టు: ఈ పేర్ల చివరనున్న ఆ ఒక్క మాటే కొండకు ఇరువైపుల ఉన్న చుట్టరికమును చెప్పుచున్నది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమైనప్పుడు నడుమ సరిహద్దు ఏర్పడినది. గీత కాగితముపై పడినదే గాని సంతలు, పెండ్లిండ్లు, భాషలు దానిని దాటుచునే యున్నవి. మాచ్‌ఖండ్ నదిపై కట్టిన విద్యుత్ కేంద్రము 1955లో పని ప్రారంభించినది. దాని వెలుగు దూరపు పట్టణములకు చేరినది. జోలాపుట్ జలాశయము క్రింద మాత్రము ఎన్నో పల్లెల భూములు మునిగినవి. 2022 ఏప్రిల్ 4 నుండి ఈ మండలము పాడేరు కేంద్రముగా నున్న అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది.

ఈ కొండలకు అక్షరమును మోసికొని వచ్చినవారిలో మిషనరీలు ముందువరుసలోనివారు. జర్మనీ దేశపు బ్రెక్లుమ్ మిషను దొరలు 1882లో కోరాపుట్ ప్రాంతమునకు వచ్చిరి. మలేరియా జ్వరములకు వెరవక పనిచేసిరి. నేటి జయపురం ఎవాంజెలికల్ లూథరన్ సంఘము ఆ పాదులోనుండి మొలచినదే. వారికి మనము కృతజ్ఞులము. అయినను ఒక సత్యమును ఒప్పుకొనవలెను. మిషను బడియైనను సర్కారు బడియైనను, కొండకు ఆవల ఒడియాయు, ఈవల తెలుగును బడి భాషలైనవి. బిడ్డ ఇంటిలో మాటాడు భాషకు బడిలో పీట వేసినవారు అరుదు.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ఆశ్రమ పాఠశాలలు వెలసినవి. పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ 1970ల నడుమ ఏర్పడినది. 1980ల చివర గిరిజన విద్యా వికాస కేంద్రములు, 1990లలో మాబడులు వచ్చినవి. వీనిలో మెచ్చదగినది ఒకటున్నది. అనేక గూడెములలో ప్రజలే పాక వేసి, తమలో నాలుగక్షరములు నేర్చిన యువకుని పంతులుగా నిలుపుకొనిరి. వాగు పొంగినచో మైదానము నుండి వచ్చు పంతులు రాలేడు. ఊరి బిడ్డకు దాటవలసిన వాగే లేదు.

ఆ బడి దినచర్య చూడ ముచ్చటగా నుండును. ఉదయము మంచు విడవకముందే పిల్లలు చెల్లెండ్రను చంకనెత్తుకొని వత్తురు. ప్రార్థన గీతము, శుభ్రత పరీక్ష, పెరటి మొక్కలకు నీళ్ళు, ఆటలు, పాటలు. పండుగ వేళ థింసా అడుగులు బడి ముంగిటనే పడును. 2003 నుండి మధ్యాహ్న భోజనము కూడ తోడైనది. చోడి చేను కోతకు వచ్చినప్పుడు, వలిసె నూర్పిడి వేళ, చైత్రమున ఇటుకల పండుగ నాళ్ళలో హాజరుపట్టీ పలచబడును. దీనిని సోమరితనమనుట తగదు. దసరాకు సెలవిచ్చు బడి ఇటుకల పండుగను ఎరుగదు. తప్పు పిల్లవానిది గాదు, క్యాలెండరుది.

మేము చూచిన ఒక సంగతి చెప్పెదము. ఒకటవ తరగతి పంతులుగారు చెంబు చూపి “ఇదేమిటి?” అని అడిగిరి. ఒక పిల్లవాడు “పాణి” అనెను. పంతులుగారు “నీళ్ళు అనాలి” అని దిద్దిరి. పిల్లవాడు మరల నోరు తెరవలేదు. వానికి నీరు తెలియును, దాహము తెలియును, అది ఏ గెడ్డలో పారుచున్నదో తెలియును. తెలియనిది మన మాట ఒక్కటే. అయినను ఏమియు తెలియనివాని వలె తల వంచుకొనెను. ఇట్టి మౌనముతోనే ఎందరో బిడ్డల చదువు ముగిసినది.

మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పింపవలెనని రాజ్యాంగము యొక్క 350ఎ అధికరణము 1956 నుండి చెప్పుచునే యున్నది. ఇచ్చట వాడుకలోనున్న ఆదివాసీ ఒడియా భాషకు తెలుగు, ఇంగ్లీషు అర్థములతో నిఘంటువును మైసూరులోని భారతీయ భాషల కేంద్ర సంస్థ 1989లో ప్రచురించినది. 2004లో రాష్ట్ర ప్రభుత్వము కువి, కొండ, ఆదివాసీ ఒడియా, సవర, కోయ మొదలగు 8 భాషలలో, 240 బడులలో మాతృభాషా బోధన ప్రారంభించినది. అక్షరము తెలుగుది, మాట బిడ్డది. ముందు తన మాటలో చదివి, క్రమముగా తెలుగులోనికి నడచుట దీని పద్ధతి. తెలుగు వలదని ఎవరును అనలేదు. వంతెన లేక ఏరు దాటుమనుటయే తప్పు.

వంతెనకు స్తంభము పంతులే. షెడ్యూలు ప్రాంతపు బడులలో ఉపాధ్యాయులందరు స్థానిక గిరిజనులే ఉండవలెనను 3వ నంబరు ఉత్తర్వు 2000 జనవరిలో వచ్చినది. నూటికి నూరు రిజర్వేషను సమానత్వమునకు విరుద్ధమని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న దానిని కొట్టివేసినది. అప్పటికే జరిగిన నియామకములను మాత్రము నిలిపినది. న్యాయస్థానముతో వాదము మన పని గాదు. కాని ఒకటవ తరగతి గదిలో “పాణి” అన్న మాటను ఎవరు అర్థము చేసికొందురన్న ప్రశ్న ఇంకను మిగిలియే యున్నది.

ఇచ్చట సంఘము చేయగలిగినది కొంత కలదు. మన యౌవనస్థులు ఇంటి భాషలోని కథలను, పొడుపుకథలను పెద్దల నోట విని వ్రాసి బడికి ఈయవచ్చును. మన ఉపాధ్యాయులు కొండకు వెళ్ళకమునుపు నూరు మాటలైనను నేర్వవచ్చును. ఆదివారపు బడిలో బిడ్డను తన మాటలోనే ప్రార్థింపనీయవచ్చును. గతించిన నూరేండ్లలో మనము ఆ బిడ్డలకు ఎంతో చెప్పితిమి. రాబోవు నూరేండ్లలో వారు చెప్పునది వినుట నేర్చుకొందుము గాక.