ఇంటి దగ్గరే చిన్న వర్క్‌షాప్: రైతు తానే చేసుకోగల పనిముట్లు, పాటించాల్సిన జాగ్రత్తలు

వరి పొట్ట దశలో ఉన్నప్పుడు పంపుసెట్టు ఆగిపోతే రైతుకు ఎంత ఆందోళనో వేరే చెప్పనక్కర్లేదు. ఆ దశలో నీటి ఎద్దడి వస్తే తాలు గింజలు పెరుగుతాయి. తీరా చూస్తే చెడిపోయింది పెద్ద భాగమేమీ కాదు. ఒక బోల్టు విరిగి లోపల ఉండిపోయి ఉంటుంది, లేదా పుల్లీ తుప్పు పట్టి ఊడిరాదు. పట్నం నుంచి మెకానిక్ వచ్చేసరికి రెండు మూడు రోజులు గడుస్తాయి. పశువుల కొట్టం పక్కన చిన్న బల్ల, దాని మీద కొన్ని పనిముట్లు ఉంటే ఇలాంటి పనులు చాలావరకు మీరే చేసుకోవచ్చు. అలా ఎలా మొదలుపెట్టాలో, ఏ పని మీరు చేయకూడదో ఈ వ్యాసంలో చూద్దాం.

ముందుగా కొనాల్సినవి

అన్నీ ఒకేసారి కొనకండి. మొదటి ఏడాదికి ఇవి చాలు.

- 4 లేదా 5 అంగుళాల బెంచ్ వైస్. దీన్ని కదలని బల్లకు బోల్టులతో బిగించాలి. వైస్ పైభాగం మీ మోచేతి ఎత్తులో ఉంటే నడుము నొప్పి రాదు.
- హ్యాక్సా. బ్లేడు పళ్లు ముందుకు చూసేలా బిగించాలి. మామూలు పనికి అంగుళానికి 24 పళ్లది, పలుచని రేకు, గొట్టాలకు 32 పళ్లది వాడాలి. కోసే చోట కనీసం మూడు పళ్లు లోహానికి ఆనాలి, లేకపోతే పళ్లు ఊడిపోతాయి.
- ఆకురాళ్లు: ఒకటి గరుకుది, ఒకటి నునుపుది. పిడి లేని ఆకురాయి వాడకండి, దాని తోక అరచేతిలో దిగుతుంది. ముందుకు తోసేటప్పుడే ఒత్తాలి, వెనక్కి లాగేటప్పుడు పైకి లేపాలి.
- సుత్తి, సెంటర్ పంచి, మూలమట్టం, స్టీలు స్కేలు, పానాల సెట్టు.
- డ్రిల్లింగ్ మిషన్, 6, 8, 10, 12 మి.మీ. ట్యాపులు.

గ్రైండర్, వెల్డింగ్ మిషన్ తర్వాత చూసుకోవచ్చు. లేత్ మిషన్ ఒక్క రైతుకు గిట్టుబాటు కాదు. ఆ పని పట్నంలో చేయించుకోవడమే మేలు.

ఏ ఇనుముతో ఏం చేయాలి

నిజం చెప్పాలంటే నేనూ మొదట్లో పొరబడ్డాను. ఇల్లు కట్టగా మిగిలిన కడ్డీతో చీజిల్ చేయించి, ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే గట్టిపడుతుందని రైతులకు చెప్పాను. మొదటి దెబ్బకే దాని మొన వంగిపోయింది. కార్బన్ తక్కువగా ఉన్న ఇనుము ఎంత కాల్చి ముంచినా చీజిల్‌కు సరిపడా గట్టిపడదని అక్కడున్న కమ్మరి పెద్దాయనే నాకు చెప్పాడు.

చీజిల్, పంచి, గునపం మొన వంటి వాటికి లారీ పాత కమాను పట్టీ బాగుంటుంది. అందులో కార్బన్ సుమారు 0.6 శాతం ఉంటుంది. బ్రాకెట్లు, పుల్లర్లు, స్టాండ్లకు మామూలు ఎం.ఎస్. పట్టీ, ప్లేటు సరిపోతాయి. పాత ఆకురాయిని ఉన్నదున్నట్టు చీజిల్‌గా గాని, మీటడానికి గాని వాడకండి. అది గాజులా పెళుసుగా ఉంటుంది, విరిగి ముక్కలు ముఖానికి తగులుతాయి.

చీజిల్‌కు గట్టిదనం తెచ్చే పద్ధతి

1. కమాను పట్టీని కొలిమిలో కాల్చి, దాగలి మీద కావలసిన ఆకారానికి కొట్టాలి. తర్వాత బూడిదలో పూడ్చి నిదానంగా చల్లారనివ్వాలి. అప్పుడు ఆకురాయికి మెత్తగా అరుగుతుంది.
2. మొన దగ్గర ఒక అంగుళం మేర మాత్రమే మళ్లీ ఎర్రగా కాల్చాలి. ఎరుపు సరిగా తెలియాలంటే నీడలో చూడాలి. అయస్కాంతం అంటుకోవడం మానేశాక ఇంకొంచెం కాల్చితే సరిపోతుంది.
3. వెంటనే నూనెలో నిలువుగా ముంచి కదపాలి. కమాను పట్టీని నీళ్లలో ముంచితే పగుళ్లు రావచ్చు. నూనెను ఇనుప డబ్బాలోనే, ఆరుబయట పెట్టాలి. మంట లేస్తే కప్పడానికి రేకు మూత పక్కనే ఉండాలి. మండే నూనె మీద నీళ్లు పోయకూడదు.
4. ఇప్పుడు మొన చాలా పెళుసుగా ఉంటుంది. ఇలాగే వాడితే చిట్లుతుంది. గరుకు కాగితంతో తెల్లగా రుద్ది, మొనకు వెనుక భాగాన్ని నిదానంగా వేడి చేయాలి. ముందు గడ్డి పసుపు, తర్వాత గోధుమ, ఆ తర్వాత ఊదా, చివరికి నీలం రంగు మొన వైపు పాకుతూ వస్తాయి.
5. చీజిల్‌కు ఊదా రంగు మొనకు చేరగానే, అంటే సుమారు 280 డిగ్రీల సెల్సియస్ దగ్గర, చల్లార్చాలి. సెంటర్ పంచికి గోధుమ రంగు దగ్గరే ఆపాలి.

సుత్తి తగిలే తలను గట్టిపరచకూడదు. వాడగా వాడగా తల పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. ఆ అంచుల్ని ఎప్పటికప్పుడు అరగదీయాలి.

రంధ్రం వేయడం, థ్రెడ్లు తీయడం

పంచితో గుంట పెట్టకుండా డ్రిల్ మొదలుపెడితే బిట్టు జారుతుంది. పెద్ద రంధ్రానికి ముందు 5 మి.మీ. బిట్టుతో దారి చేసుకోవాలి. మామూలు ఇనుముకు 6 మి.మీ. బిట్టు నిమిషానికి సుమారు 1300 చుట్లు, 10 మి.మీ. బిట్టు సుమారు 800 చుట్లు తిరిగితే చాలు. బిట్టు లావు పెరిగేకొద్దీ వేగం తగ్గించాలి. ఇనుముకు నూనె వేస్తూ ఉండాలి, పోత ఇనుముకు అక్కర్లేదు.

ట్యాపు కొట్టే ముందు వేయాల్సిన రంధ్రాలు ఇవి:

- 6 మి.మీ. బోల్టుకు 5 మి.మీ.
- 8 మి.మీ. బోల్టుకు 6.8 మి.మీ.
- 10 మి.మీ. బోల్టుకు 8.5 మి.మీ.
- 12 మి.మీ. బోల్టుకు 10.2 మి.మీ.

ట్యాపును నిటారుగా పట్టి, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ పోవాలి. బిగుసుకుంటే బలవంతం చేయకండి. లోపల విరిగిన ట్యాపును తీయడం విరిగిన బోల్టును తీయడం కంటే కష్టం.

మొదటి పనిముట్టుగా పుల్లీ పుల్లర్

పుల్లీని సుత్తితో కొట్టి ఊడదీసే అలవాటు వల్ల మోటారు బేరింగులు దెబ్బతింటాయి. దానికి బదులు పుల్లర్ చేసుకోండి.

150 మి.మీ. పొడవు, 40 మి.మీ. వెడల్పు, 12 మి.మీ. మందం ఉన్న ఎం.ఎస్. పట్టీ తీసుకోండి. సరిగ్గా మధ్యలో 10.2 మి.మీ. రంధ్రం వేసి 12 మి.మీ. ట్యాపు కొట్టండి. మధ్య రంధ్రం నుంచి రెండు వైపులా 25, 42, 59 మి.మీ. దూరంలో 11 మి.మీ. రంధ్రాలు వేయండి. వీటిలో 10 మి.మీ. కొక్కెం బోల్టులు పెట్టి, పైన నట్లు బిగించాలి. మధ్యలో పొడవాటి 12 మి.మీ. బోల్టు పెట్టి, దాని కొనను షాఫ్టు మధ్యలోని గుంటలో కూర్చునేలా అరగదీయండి.

వాడేటప్పుడు ముందు పుల్లీ స్క్రూ గాని, నట్టు గాని విప్పారో లేదో చూసుకోండి. కొక్కేలను పుల్లీ అంచుకు కాకుండా షాఫ్టుకు దగ్గరగా తగిలించండి. పోత ఇనుప అంచు ఇట్టే విరుగుతుంది. రెండు వైపులా సమానంగా బిగించి, మధ్య బోల్టును కొంచెం కొంచెంగా తిప్పండి. కొక్కెం విచ్చుకుంటున్నట్టు కనబడితే ఆపి, తుప్పు వదిలే నూనె వేసి ఒక రాత్రి వదిలేయండి. ఇది చిన్న మోటార్లు, పంపుల పుల్లీలకు మాత్రమే.

ప్రాణాలకు, కళ్లకు సంబంధించిన జాగ్రత్తలు

ఐదు నిమిషాల పనే కదా అని కళ్లద్దాలు లేకుండా కొడవలి నూరిన ఒక రైతును నేనే కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను. రజను పడిన వెంటనే వస్తే బాగుండేది. రెండు రోజులు ఇంట్లో గుడ్డ కొసతో తీయించుకుని ఆ తర్వాత వచ్చాడు. ఆ కంటికి చూపు పూర్తిగా తిరిగి రాలేదు. కంట్లో ఇనుప రజను పడితే నలపకండి, ఎవరిచేతా తీయించుకోకండి. అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

- డ్రిల్, గ్రైండర్ దగ్గర లుంగీ, కండువా, చేతి తొడుగులు వద్దు. తిరిగే భాగం వాటిని చుట్టుకుని చేతిని లోపలికి లాగుతుంది.
- డ్రిల్ చేసే ముక్కను చేత్తో పట్టుకోకూడదు. వైస్‌లో బిగించాలి.
- గ్రైండర్ రాయికి, ఆనించే పట్టీకి మధ్య సందు 3 మి.మీ. దాటకూడదు. కొత్త రాయిని వేలాడదీసి కర్రతో తట్టి చూడాలి. ఖంగుమనకపోతే పగులు ఉన్నట్టే, వాడకండి. మిషన్ వేసిన మొదటి నిమిషం రాయికి ఎదురుగా నిలబడవద్దు.
- ఖాళీ డీజిల్ డ్రమ్ములు, పురుగుమందు డబ్బాలకు వెల్డింగ్ పెట్టకూడదు. లోపలి ఆవిరి పేలుతుంది.
- జింకు పూత ఉన్న గొట్టాలకు వెల్డింగ్ చేసే ముందు పూత గీకేయాలి. పొగ పీల్చితే జ్వరం వస్తుంది.
- షెడ్డుకు సరైన ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. తడి నేల మీద నిలబడి మిషన్ పట్టుకోకండి.

మెకానిక్‌కు వదిలేయాల్సినవి

ఆయిల్ మార్చడం, ఫిల్టర్లు, బెల్టు బిగింపు, బయటి బోల్టులు, బ్రాకెట్లు మీరు చూసుకోవచ్చు. డీజిల్ పంపు, నాజిల్ మాత్రం విప్పకండి. నాజిల్ నుంచి వచ్చే డీజిల్ ఒత్తిడికి చర్మంలోకి దూసుకుపోతుంది. బయటికి చిన్న చుక్కలాగే కనిపించినా లోపల కండ చెడిపోతుంది, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వారంటీలో ఉన్న ట్రాక్టరును ఇంట్లో విప్పితే వారంటీ పోవచ్చు.

మీ ఇంట్లో ఐటీఐ ఫిట్టర్ చదివే పిల్లలుంటే ఖాళీ రోజుల్లో చిన్న నమూనా ఇంజన్ చేయమనండి. సిలిండరే అటూ ఇటూ ఊగుతూ గాలి దారిని తెరిచి మూసే రకం తేలిక, దానికి వాల్వులు ఉండవు. సైకిలు పంపు గాలితో తిరుగుతుంది. పిస్టను, క్రాంకు, ఫ్లైవీల్ ఎలా కలిసి పనిచేస్తాయో దాంతో చేతికి అర్థమవుతుంది. ఇంట్లో బాయిలరు చేసి ఆవిరితో నడపనివ్వకండి, పేలే ప్రమాదం ఉంది.

ఈ వేసవిలో వైస్, హ్యాక్సా, ఆకురాళ్లతో మొదలుపెట్టండి. వాటితో పాటే కళ్లద్దాలు కూడా కొనండి. వానాకాలం నాట్లకు ముందే పుల్లర్ సిద్ధంగా ఉంటే, పంపు ఆగిన రోజున మీ మడి ఎండదు.