బల్ఖ్ నుంచి పోపు గరిటెకు: ఇంగువ కథ

ఉర్దూ మాస్టరు ఇంగువ గురించి వ్రాయడమేమిటని సభ్యులు నవ్వుకోవచ్చు. "అది పులిహోర వండేవాళ్ళ సరుకు, మనకెందుకు సాబ్!" అని మా బంధువొకాయన అననే అన్నాడు. ఆ మాటే నాచేత ఈ నాలుగు ముక్కలు వ్రాయిస్తున్నది.

మా బడిలో తెలుగు పండితులు ఒకరోజు అమరకోశం తెరిచి చూపించారు. అందులో హింగువుకు బాహ్లీకమని మరో పేరున్నది. బాహ్లీకమంటే అఫ్ఘనిస్తాన్‌లోని బల్ఖ్. మౌలానా రూమీని 'బల్ఖీ' అంటారే, ఆ బల్ఖే! నేను ఫార్సీలో అంగుజా, అరబ్బీలో హిల్తీత్ అంటారని చెప్పాను. ఇద్దరమూ ఒకే డబ్బా మూత తీసినట్లయింది.

ఇది అఫ్ఘన్, ఇరాన్ ఎండు కొండల మొక్క. నాలుగైదేళ్ళు పెరిగాక వేరుకు గాటు పెడితే పాలు కారి గడ్డకడతాయి. అందులోని గంధకం వల్ల పచ్చివాసనకు ముక్కు మూసుకోవాల్సిందే. కాగిన నేతిలో చిటికెడు పడితే మాత్రం ఉల్లి, వెల్లుల్లి వేగినట్టు కమ్మగా మారుతుంది. అందుకే ఆ రెండూ ముట్టని ఇళ్ళలో పప్పుకూ, చింతపండు పులుసుకూ అదే ప్రాణం.

అయితే అది పప్పుకే పుట్టిందా? కాదు. క్రీ.పూ. 329లో సికందరు సేన హిందూకుష్ దాటుతూ, కట్టెలు దొరక్క పచ్చిమాంసం తిని, ఈ జాతి మొక్కతోనే అరిగించుకొన్నదని గ్రీకు చరిత్రకారుడు స్ట్రాబో వ్రాశాడు. పదో శతాబ్దంలో బాగ్దాదు వంటల గ్రంథం కూర్చిన ఇబ్న్ సయ్యార్ అల్‌వర్రాఖ్ దీని ఆకునూ, జిగురునూ వాడించాడు. చలికాలానికి మాంసం ఎండబెట్టేటప్పుడు అఫ్ఘన్లు ఉప్పుతో బాటు దీన్నే పట్టిస్తారు. కాశ్మీరీ పండితులు ఉల్లి, వెల్లుల్లి లేకుండా మాంసం వండేది కూడా ఇంగువతోనే.

ఇక అక్బరు వంటశాల. అబుల్ ఫజల్ 'ఆయినె అక్బరీ'లో పప్పుకు చెప్పిన దినుసులు చూడండి: నెయ్యి, ఉప్పు, పచ్చి అల్లం, జీలకర్ర, ఇంగువ. మన వీధిలో ఏ ఇంట్లోనైనా పెట్టే పోపు కాదూ!

ఇంత వాడుకొన్నా ఆ మొక్కను మన దేశంలో సాగు చెయ్యలేదు. 2020 అక్టోబరులో పాలంపూర్ శాస్త్రజ్ఞులు హిమాచల్‌లోని లాహౌల్ లోయలో మొదటి మొక్క నాటించారు.

ఇదంతా విన్న మా బంధువు పోయిన వారం ఖీమాలో ఇంగువ వేయించాడు. చిటికెడన్నాను, చెంచాడు వేయించాడు. రెండు రోజులు వాళ్ళింటి కిటికీలు తెరిచే ఉన్నాయి.