చేమదుంప ధర: దక్షిణ ఆక్లండ్‌లో పసిఫిక్ వలసదారుల ఆహార చరిత్ర

న్యూజిలాండ్‌లో ఆక్లండ్ నగరానికి దక్షిణాన ఉన్న ఓతారా, మాంగెరే శివారులలో సమోవా, టోంగా, కుక్ దీవులు, నియూవేల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు వేయించిన కోడిమాంసానికీ బర్గర్లకూ అలవాటు పడడాన్ని చాలాకాలం రుచి మార్పుగానో, ఆరోగ్యంపై అవగాహన లోపంగానో లెక్కగట్టారు. వాణిజ్య, కార్మిక, గృహనిర్మాణ చరిత్రలను పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం ఈ మార్పు వలసకు ముందే దీవుల రేవులలో మొదలైందనీ, వలస తరువాత జీతం, పనివేళలు, సరుకు ధర దానికి తోడయ్యాయనీ తేలుతుంది.

దీవులవారి ప్రధానాహారమైన టారో తెలుగువారి చేమదుంపే. పచ్చిగా తింటే గొంతు దురదపెట్టే ఈ దుంపను సమోవాలో ‘ఉము’లో, అంటే కాల్చిన రాళ్లపై పదార్థాలను పేర్చి ఆకులతో కప్పి మగ్గబెట్టే పొయ్యిలో, వండుతారు. లేత చేమాకులలో కొబ్బరిపాలు పోసి పొట్లంగా కట్టి అదే వేడిలో ఉడికించే వంటకం ‘పలుసామి’. ఆదివారం చర్చి ప్రార్థన ముగిశాక బంధుగణమంతా కూర్చుని తినే భోజనానికి ఈ రెండూ ఉండి తీరాలి.

ఈ భోజనంలోకి డబ్బా మాంసం వలస పాలన, ఓడ వర్తకాల ద్వారా వచ్చి చేరింది. 1914లో న్యూజిలాండ్ సేనలు జర్మనీ నుంచి వశం చేసుకున్న పశ్చిమ సమోవా 1962 వరకు న్యూజిలాండ్ ఏలుబడిలోనే ఉంది. ‘పీసుపో’ అని పిలిచే డబ్బా గొడ్డుమాంసం క్రమంగా పెళ్లిళ్లలో, అంత్యక్రియలలో నేత చాపలతో పాటు ఇచ్చిపుచ్చుకునే గౌరవ వస్తువైంది. కళాకారుడు మిషెల్ టఫరీ 1994లో ఆ డబ్బాల రేకులనే అతికి నిలువెత్తు ఎద్దు బొమ్మను తయారుచేసి ఈ పరాధీనతను విమర్శించాడు. గొర్రె పొట్టభాగపు కొవ్వుమాంసం కూడా, న్యూజిలాండ్‌లో అంతగా గిరాకీ లేనందున, చవక సరుకుగా దీవుల విపణికి చేరింది.

రెండవ ప్రపంచయుద్ధం తరువాత కర్మాగారాలకు కూలీలు కావలసివచ్చినప్పుడు ద్వీపవాసులు మొదట ఆక్లండ్ నడిబొడ్డున ఉన్న పాన్సన్‌బీ, గ్రే లిన్ పేటలలో చవక ఇళ్లలో చేరారు. రహదారుల నిర్మాణం, పెరిగిన అద్దెలు వారిలో చాలామందిని ఓతారా, మాంగెరేలలోని ప్రభుత్వ గృహాలకు తరలించాయి. 1970లలో ఆర్థిక మందగమనం రాగానే, అనుమతి గడువు దాటి ఉంటున్నారన్న పేరుతో పోలీసులు తెల్లవారుజామున వారి ఇళ్లపై దాడులు చేశారు. అందుకు ప్రభుత్వం 2021లో క్షమాపణ చెప్పింది. భార్యాభర్తలు వేర్వేరు షిఫ్టులలో పనిచేసే ఇంట గంటల తరబడి సాగే ఉము వంట ఆదివారానికే పరిమితమైంది.

ఆ ఖాళీలోకి కొత్త వ్యాపారం ప్రవేశించింది. కెంటకీ ఫ్రైడ్ చికెన్ 1971లో ఆక్లండ్‌లోని రాయల్ ఓక్‌లో దుకాణం తెరిచింది. మెక్‌డొనాల్డ్స్ 1976లో దేశంలో తన తొలి శాఖకు ఎంచుకున్న పోరిరువా, ప్రభుత్వ గృహాలూ పసిఫిక్ కుటుంబాలూ అధికంగా ఉన్న పట్టణం. 1984 తరువాతి ఆర్థిక సంస్కరణలలో ఫ్యాక్టరీలు మూతపడి ఆదాయాలు కుంగినప్పుడు, చవకగా కడుపు నింపే తిండికి గిరాకీ మరింత పెరిగింది.

ఇదే కాలంలో చేమదుంప ఖరీదైన దిగుమతి సరుకుగానే మిగిలిపోయింది. ఓడ కిరాయికి తోడు, పురుగులు దేశంలోకి రాకుండా రేవులో విషవాయువుతో పొగబెట్టే ఖర్చు కూడా దాని ధరలో కలుస్తుంది. 1993లో ఆకుమాడు తెగులు సోకి సమోవా పంట దెబ్బతినగా, ఫిజీలోని తవేవుని దీవి రైతులు ఆ విపణిని అందుకున్నారు. ఆక్లండ్ పెరళ్లలో చేమ మొక్క బతుకుతుంది గానీ, అక్కడి చలికి దుంప సరిగా ఊరదు. అందువల్ల ఇంటివారికి దక్కేది ప్రధానంగా పలుసామికి పనికివచ్చే ఆకే.

ఈ కొరతకు జవాబు కొంతవరకు సమాజం నుంచే వచ్చింది. 1970లలో మొదలైన ఓతారా శనివారపు సంతలో, దుకాణాల వెనుక వాహనాలు నిలిపే మైదానంలో, చేమదుంపలు, పచ్చి అరటికాయలు, కొబ్బరికాయలు, ఆకుకూరలు అమ్మకానికి వస్తాయి.

దీవుల ప్రభుత్వాలు చట్టాన్ని కూడా ఆశ్రయించాయి. ఫిజీ 2000లో గొర్రె పొట్టమాంసం అమ్మకాన్ని నిషేధించింది. సమోవా 2007లో కొవ్వు నిండిన టర్కీకోడి తోకల దిగుమతిని ఆపినా, 2012లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరేందుకు ఆ నిషేధాన్ని వదులుకోవలసివచ్చింది. తినేవారి ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా ఏ సరుకు ఏ ధరకు పళ్లెం చేరాలన్నది వాణిజ్య ఒప్పందాలు, రేవు నిబంధనలు, కూలిరేట్లు తేల్చిన ఈ చరిత్రలో, తాజా ఆహారం గురించిన ఉపదేశాల కన్నా దాని ధర తగ్గించే విధానాలకే ఫలితమిచ్చే అవకాశం ఎక్కువ.