పిల్లలచేతి నిప్పు



పిల్లలు పొగ త్రాగుచున్నారని మన గ్రామములలో వినవచ్చు మొర క్రొత్తది కాదు. పొగాకును అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారు మన దేశమునకు తెచ్చిరి. 1604 ప్రాంతమున అసద్ బేగు అను నుద్యోగి దానిని బిజాపురమునుండి గొనిపోయి అక్బరు పాదుషాకు సమర్పించెను. వైద్యుడు వలదనుచున్నను పాదుషా కొన్ని దమ్ములు పీల్చెను. 1617లో ఆయన కుమారుడు జహంగీరు పొగ త్రాగుటను నిషేధించెను. ఆ ప్రభువు తాను మద్యమునకు దాసుడు! పొగ మాత్రము ఆగలేదు.

మా ఇందల్వాయి ప్రాంతపు అడవులలో తునికిచెట్లు కలవు. వేసవిలో ఆకు కోసి, ఎండబెట్టి, కట్టలు గట్టుదురు. ఆ యాకును తడిపి, కత్తెరతో కొలతకు కత్తిరించి, పొగాకుపొడి నించి, చుట్టి, దారము గట్టి, మూతి మడిచినచో బీడీ యగును. మా జిల్లాలో వేలకొలది స్త్రీలకిదియే జీవనము. కూలి వేయింటికింత యని లెక్క. మా తల్లియు చుట్టినది. మూతులు మడుచుట పిల్లలమైన మా పని. 1986 నాటి బాలకార్మిక చట్టము పదునాలుగేండ్లలోపు పిల్లలను బీడీపనిలో పెట్టరాదనెను గాని, కుటుంబమువారు కలిసి చేసికొను పనికి మినహాయింపు నొసగెను. మావైపు పని యంతయు ఇండ్లలోనే గదా!

మా తాత చుట్ట ముట్టించు భారము నాది. పొయ్యిలో నంటించి, ఆరిపోకుండ నొక దమ్ము లాగి తెచ్చి యిచ్చుచుంటిని. అది తప్పని యెవరును తలపలేదు. పన్నెండవయేట చింతతోపులో బీడీ త్రాగుచు పట్టువడితిని. నాయన చింతబరికెతో వాతలు తేలునట్లు కొట్టెను. ఆ సాయంకాలమే తాత చుట్ట యడుగగా, "పోయి ముట్టించుకొని రా" అని నాయనయే నన్ను పంపెను. దెబ్బలు త్రాగినందులకో, పట్టువడినందులకో నాకు బోధపడలేదు. చాటుగా త్రాగుట మాత్రము నేర్చితిని.

నాయనను తప్పుపట్టను. ఆ తరమువారికి పొగ మర్యాదకు సంబంధించిన విషయము. పొగకును ఊపిరితిత్తుల పుట్టకురుపునకును గల సంబంధమును డాల్, హిల్ అను ఆంగ్ల పండితులు 1950లో ప్రకటించిరి; ఆ మాట మా యూరికి చేరుటకు చాల యేండ్లు పట్టెను. మనకట్టి సాకు లేదు. పదునెనిమిదేండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదనియు, విద్యాలయమునకు నూరు గజములలోపల అసలే అమ్మరాదనియు 2003లో చట్టము వచ్చెను. విద్యుత్తుతో ఆవిరి వెలువరించు సిగరెట్లను 2019లో నిషేధించిరి.

అయినను అట్టి గొట్టమొకటి మొన్న నా మనుమని సంచిలో దొరికినది. నేను బరికె నందుకొంటిని. వాడు నా జేబులోని బీడీకట్టవంక చూచెను. బరికెను, కట్టను అరుగుమీద బెట్టి, వానిని ప్రక్కన కూర్చుండజేసికొని, చింతతోపునాటి సంగతి మొదలుపెట్టితిని. భోజనమునకు పిలుపు రెండుసార్లు వచ్చినది, మేము లేవలేదు.