ఆమ్‌స్టర్‌డామున బందరు జాడ

మొయినాబాదుచెంత చిలుకూరు బాలాజీ కోవెలలో, విదేశయానము కోరువారు తొలుత 11 ప్రదక్షిణములును, కోర్కె యీడేరిన పిమ్మట 108 ప్రదక్షిణములును జేయుదురు. ఓడ యెక్కినవానిని వెలివేసిన తాతల మనుమలు నేడు దానికే దేవుని వేడుకొనుచున్నారు! ఆ కోవెల చూచిన యేడే మేము ఆమ్‌స్టర్‌డాము నగరము చూడబోతిమి.

అచటి 17వ శతాబ్దపు కాలువలను 2010లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వముగా గుర్తించిరి. మమ్ము పడవపై త్రిప్పినవాడు ఒడ్డుననున్న వర్తకుల మేడలను, సరకులను పైకి లాగుటకై ముంగిట నమర్చిన దూలములను జూపి, వర్తకుల బుద్ధికుశలతను మిక్కిలి పొగడెను. మాకు మాత్రము బందరు జ్ఞప్తికి వచ్చినది. 1602లో వెలసిన డచ్చి వర్తకసంఘము 1606 నాటికే గోలకొండ సుల్తానుల రేవైన మచిలీపట్టణమున కోఠీ పెట్టినది. మన నేతగాండ్రు నేసి, చిరివేరు ఎఱుపు నద్దిన బట్టలను డచ్చివారు తూర్పుదీవులకు గొనిపోయి, వానికి మారుగా లవంగములు, జాజికాయలు గైకొనిరి. ఆ సుగంధద్రవ్యములే ఆమ్‌స్టర్‌డాము చేరి బంగారమైనవి. బట్టలే కావు; కఱవుకాలమున పులికాటు రేవునుండి మనుష్యులనుగూడ కొని బటేవియాకు తరలించిరి. బానిసవ్యాపారమున తమ నగరమునకు గల పాలునకై మేయరు ఫెమ్కే హల్సెమాగారు 2021 జూలై 1న క్షమాపణ వేడిరి. పడవవాడు ఆ ప్రసక్తియే తేలేదు.

1606లో కట్టిన ఆ సంఘపు భవనము నేడు విశ్వవిద్యాలయమున కలిసియున్నది. దాని వాకిట తెలుగుమాట వినబడి వెనుదిరిగితిమి. చేవెళ్ల కుఱ్ఱవాడు, అచటనే చదువుచున్నాడట. బందరు సంగతి చెప్పగా, పులికాటు మనుష్యులమాట మరల నడిగి వినెను.