గిటారు మీటు పద్ధతులు

గిటారు మీటు పద్ధతులు అనగా గిటారు తీగలను వేగంగా, ధార తెగకుండా పలికించడానికి అనుసరించే వాదన విధానాలు. ఎలక్ట్రిక్ గిటారుపై సోలో వాయించేటప్పుడు వీటి అవసరం ఎక్కువగా ఉంటుంది. తీగను మీటడానికి వాడే చిన్న పలకను పిక్ లేదా ప్లెక్ట్రమ్ అంటారు. తెలుగువారిలో ఈ విద్యకు మిక్కిలి దగ్గరగా వచ్చిన విద్వాంసుడు మాండొలిన్ శ్రీనివాస్. ఆయన వాయించినది గిటారు కాదు. పిక్‌తోనే మీటే ఎలక్ట్రిక్ మాండొలిన్.

మూల సమస్య

మీటిన తీగ నాదం ఆ క్షణం నుండే తగ్గడం మొదలవుతుంది. వయొలిన్‌కు కమాను, వేణువుకు ఊపిరి ఉన్నట్లు గిటారుకు నాదాన్ని నిలబెట్టే సాధనం లేదు. ప్రతి స్వరాన్నీ మీటితే స్పష్టత వస్తుంది కాని స్వరాలు విడివిడిగా వినబడతాయి. మీటులు తగ్గిస్తే ధార కుదురుతుంది కాని స్పష్టత తగ్గే అవకాశం ఉన్నది. మీటు పద్ధతులన్నీ ఈ రెంటినీ సమన్వయం చేయడానికి ఏర్పడినవే.

నిమిషానికి 120 దెబ్బల లయలో దెబ్బకు 4 స్వరాల చొప్పున వాయిస్తే సెకనుకు 8 స్వరాలు పలకాలి. ఇంత వేగంలో బలం కంటే కదలికలోని పొదుపు ముఖ్యం.

ముఖ్యమైన పద్ధతులు

* ఆల్టర్నేట్ పికింగ్: ఒక మీటు కిందికి, మరొక మీటు పైకి, క్రమం తప్పకుండా వేయడం. లయ నిలకడగా ఉంటుంది. ఒక తీగ నుండి మరొక తీగకు మారేటప్పుడు పిక్ మధ్య తీగలకు తగలకుండా దాటించడం ఇందులో కష్టమైన భాగం. జాన్ మెక్‌లాలిన్, ఆల్ డి మియోలా ఈ పద్ధతికి ప్రసిద్ధులు.
* ఎకానమీ పికింగ్: పక్క తీగ ఏ దిశలో ఉంటే పిక్‌ను ఆ దిశలోనే కొనసాగించడం. ఒక తీగపై కిందికి, పైకి, కిందికి అని మూడు స్వరాలు మీటిన తరువాత, చివరి మీటు ఆగకుండా కింది తీగను కూడా మీటుతుంది. ఒక కదలిక ఆదా అవుతుంది.
* స్వీప్ పికింగ్: తీగకు ఒక స్వరం చొప్పున పిక్‌ను అన్ని తీగలపై ఒకే ఊపులో నడపడం. స్వరం పలికిన వెంటనే ఎడమచేతి వేలిని సడలించకపోతే స్వరాలు కలిసిపోయి తీగలన్నీ ఒకేసారి మ్రోగినట్లుంటుంది. ఆస్ట్రేలియాకు చెందిన ఫ్రాంక్ గాంబేల్ దీనిని విస్తృతంగా వాడాడు.
* లెగాటో: తీగను ఒకసారి మీటి, తరువాతి స్వరాలను ఎడమచేతి వేళ్ళను మోపడం, లాగి వదలడం ద్వారా పలికించడం. అలన్ హోల్డ్స్‌వర్త్ (1946–2017) ఇందులో నిష్ణాతుడు.
* హైబ్రిడ్ పికింగ్: పిక్‌తో పాటు నడిమివేలు, ఉంగరపువేలు కూడా ఉపయోగించడం. దూరంగా ఉన్న తీగలను వెంటవెంటనే మీటడానికి అనుకూలం.

వీణతో పోలిక

వీణపై కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు వాదన తీగలను మీటుతాయి. చిటికెనవేలు తాళపు తీగలను పలికిస్తుంది. స్పెయిన్ దేశపు ఫ్లమెంకో గిటారులో కూడా చూపుడువేలు, నడిమివేలు మార్చి మార్చి మీటే పికాడో అనే పద్ధతి ఉన్నది. 1980 డిసెంబరు 5న శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ప్రసిద్ధ కచేరీలో పాకో డి లూసియా వేళ్ళతోను, మెక్‌లాలిన్, డి మియోలా పిక్‌తోను సమాన వేగంతో వాయించారు. వేగానికి పిక్ ఒక్కటే మార్గం కాదని దీనివలన తెలుస్తుంది.

వీణలో ఒక్క మీటుతో తీగను పక్కకు లాగి అనేక స్వరాలను గమకంగా పలికిస్తారు. లెగాటో ఆశించే ఫలితం కూడా ఇదే. ఈమని శంకరశాస్త్రి (1922–1987), ఆయన శిష్యుడు చిట్టిబాబు (1936–1996) వాదనలో దీనిని గమనించవచ్చు. హైదరాబాదులో నారాయణగూడకు సమీపాన రామకోటిలోని శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల వీణ నేర్పే సంస్థలలో ఒకటి. చిక్కడపల్లిలోని త్యాగరాయ గానసభ సంగీత కచేరీలకు పేరొందిన వేదిక.

మాండొలిన్ శ్రీనివాస్

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో జన్మించారు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండొలిన్ వాదన రాదు. ఆయన పాడి వినిపిస్తే శిష్యుడు దానిని వాద్యంపై పలికించేవాడు. అందువలన శ్రీనివాస్ వాదనకు గాత్రమే ఆదర్శమైనది. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాలలో తొలి కచేరీ చేశారు.

సాధారణ మాండొలిన్‌కు నాలుగు జంటలుగా 8 తీగలుంటాయి. జంట తీగలను సమంగా లాగి గమకం పలికించడం కష్టం. శ్రీనివాస్ 5 ఒంటి తీగలు గల ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను స్వీకరించారు. ఒంటి తీగ వలన మీటు స్పష్టమైనది. విద్యుత్ సాయంతో నాదం ఎక్కువసేపు వినబడి, మీటు తరువాత వచ్చే జారు, గమకాలు శ్రోతకు అందినవి. వేగం, ధార రెండూ అట్లు కుదిరినవి. మెక్‌లాలిన్ నెలకొల్పిన రిమెంబర్ శక్తి బృందంలో కూడా ఆయన వాయించారు. 1998లో పద్మశ్రీ పొందారు. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో మరణించారు.

సాధన

కర్ణాటక సంగీతంలో సరళీ వరుసలను మూడు కాలాలలో సాధన చేసినట్లే, గిటారుపై కూడా ముందు విలంబంగా వాయించి, ప్రతి స్వరం శుద్ధంగా పలికిన తరువాతనే కాలం పెంచాలి. ఒక్కో స్వరాన్ని రెండుసార్లు పలికే జంట వరుసలు కిందికి, పైకి వేసే మీటులకు సహజమైన అభ్యాసం. మెట్రోనోమ్ సహాయంతో వేగాన్ని కొద్దికొద్దిగా పెంచవచ్చు. పిక్ కొన మాత్రమే తీగకు తగలాలి. భుజం, మణికట్టు బిగించరాదు. నొప్పి కలిగితే వెంటనే ఆపాలి. బిగువుతో సాధించిన వేగం నిలువదు, చేతికి హాని కూడా కలిగించవచ్చు.

ఇవి కూడా చూడండి

* వీణ
* మాండొలిన్
* గమకం